రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ క్రిస్టియన్ కార్ల్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీకి చెందిన యంత్ర నిర్మాణ నిపుణుడు, డీజిల్ ఇంజను సృష్టికర్త. నిప్పురవ్వ అవసరము లేకుండా, గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడితోనే ఇంధనాన్ని మండించే యంత్రాన్ని ఈయన రూపొందించాడు. లారీలు, బస్సులు, ట్రాక్టర్లు, ఓడలు, రైలింజన్లు, పొలాల్లో నీరు తోడే ఆయిల్ ఇంజన్లు ఈయన సూత్రము మీదనే నడుస్తున్నాయి. ఒక మనిషి ఇంటిపేరు యంత్రానికీ, దానిలో పోసే నూనెకూ కూడా పేరుగా స్థిరపడటము అరుదైన విషయము.

ఈ ఇంజను ఒక్కసారిగా పుట్టలేదు. కాగితము మీద లెక్క పూర్తయిన తరువాత కూడా సుమారు నాలుగేళ్ళపాటు అది సరిగా మొదలుకాక, మొదలైనా నిలవక డీజిల్‌ను వేధించింది. ఎందుకు మండటము లేదు, ఎందుకు ఆగిపోతున్నది అన్న ప్రశ్నలకు ఒక్కొక్కటిగా సమాధానము వెదకడమే ఈయన పరిశోధనలో ముఖ్య భాగము. మొరాయించిన లారీ ఇంజను ముందు నిలబడిన మెకానిక్ ఈనాడు వేసుకొనే ప్రశ్నలు చాలావరకు అవే.

బాల్యము

డీజిల్ ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు థియోడార్ డీజిల్, ఎలీజ్ స్ట్రోబెల్ ఇద్దరూ జర్మనీలోని బవేరియా ప్రాంతము వారు. తండ్రి పుస్తకాలకు అట్టలు కట్టే పనిలో నిపుణుడు, తోలు వస్తువులు కూడా తయారు చేసేవాడు. ముగ్గురు సంతానములో రుడాల్ఫ్ రెండవవాడు. పారిస్‌లోని సాంకేతిక ప్రదర్శనశాలకు ఈ బాలుడు తరచుగా వెళ్ళేవాడు. 18వ శతాబ్దములో కున్యో తయారు చేసిన ఆవిరి బండి అక్కడ ఉండేది. బరువులు మోయడానికి తన శక్తితో తానే కదిలిన తొలి వాహనాలలో అది ఒకటి.

1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధము మొదలైంది. పారిస్‌లోని జర్మన్ కుటుంబాలు ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. డీజిల్ కుటుంబము లండన్ చేరింది. కుటుంబానికి జరుగుబాటు కష్టము కావడముతో 12 ఏళ్ళ రుడాల్ఫ్‌ను బవేరియాలోని ఆగ్స్‌బర్గ్ నగరములో ఉన్న బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణిత ఉపాధ్యాయుడు. ఆయన సంరక్షణలో బాలుడు చదువులో రాణించాడు. 14వ ఏటనే తాను ఇంజనీరు కావాలనుకుంటున్నట్లు తల్లిదండ్రులకు ఉత్తరము వ్రాశాడు.

విద్యాభ్యాసము, ఉద్యోగము

1875లో ఉపకారవేతనముతో మ్యూనిక్ నగరములోని సాంకేతిక విద్యాలయములో చేరాడు. అక్కడ ఈయన గురువు కార్ల్ వాన్ లిండే. లిండే శీతలీకరణ యంత్రాల నిర్మాణములో ప్రసిద్ధుడు. ఆవిరి యంత్రములో మండించిన బొగ్గు వేడిలో పదో వంతు కూడా పనిగా మారటము లేదని, మిగిలినదంతా వృథా అవుతున్నదని లిండే పాఠాలలో వివరించేవాడు. ఫ్రెంచి శాస్త్రవేత్త సాడీ కార్నో 1824లో ప్రతిపాదించిన ఆదర్శ ఉష్ణయంత్రముతో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఈ వ్యత్యాసము డీజిల్ మనసులో బలంగా నాటుకుంది. అటువంటి ఆదర్శ యంత్రానికి దగ్గరగా ఉండే ఇంజను తయారు చేయటము ఈయన జీవిత లక్ష్యముగా మారింది.

1879లో టైఫాయిడ్ జ్వరము వల్ల చివరి పరీక్షలు వ్రాయలేకపోయాడు. ఆ వ్యవధిలో స్విట్జర్లాండులోని వింటర్‌థూర్‌లో సుల్జర్ సోదరుల యంత్రాగారములో పని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్షలు వ్రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత పారిస్ చేరి లిండే సంస్థకు చెందిన మంచు తయారీ యంత్రాల పనులు చూశాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహము చేసుకున్నాడు. వీరికి రుడాల్ఫ్, హెడ్డీ, ఓయిగెన్ అనే ముగ్గురు పిల్లలు. 1890లో కుటుంబము బెర్లిన్ నగరానికి మారింది.

ఉద్యోగము చేస్తూనే నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో నడిచే యంత్రము కోసము ఈయన కొన్నేళ్ళు శ్రమించాడు. అది ఫలించలేదు. అయితే అధిక పీడనములో వాయువులు ఎలా ప్రవర్తిస్తాయో, కీళ్ళ దగ్గర అవి ఎలా కారిపోతాయో ఆ పనిలో బాగా తెలిసింది. ఆ అనుభవము తరువాత ఉపయోగపడింది.

కొత్త ఇంజను ఆలోచన

సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగము వేడెక్కటము అందరికీ అనుభవమే. గాలిని అదిమితే దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. చాలా ఎక్కువగా, చాలా వేగముగా అదిమితే ఆ గాలి నూనె అంటుకునేంత వేడి అవుతుంది. డీజిల్ ఆలోచనకు ఇదే పునాది. సిలిండరులోకి ముందు గాలిని మాత్రమే తీసుకోవాలి. పిస్టను పైకి వచ్చి ఆ గాలిని అదమాలి. పిస్టను పై అంచుకు చేరిన సమయములో ఇంధనాన్ని లోపలికి పంపాలి. అప్పుడు నిప్పురవ్వ లేకుండానే ఇంధనము మండుతుంది.

ఈయన 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1893లో అది మంజూరయింది. అదే సంవత్సరము తన ఉష్ణయంత్ర సిద్ధాంతాన్ని వివరిస్తూ ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. మొదట ఈయన వేసిన లెక్క ప్రకారము సిలిండరులో గాలి పీడనము సాధారణ వాతావరణ పీడనానికి 250 రెట్లు ఉండాలి. ఆనాటి లోహాలతో అది అసాధ్యము. ఆగ్స్‌బర్గ్ యంత్రాగారము అధిపతి హైన్రిచ్ వాన్ బుజ్ మొదట ఈ ప్రతిపాదనను తిరస్కరించాడు. డీజిల్ పీడనాన్ని బాగా తగ్గించి మళ్ళీ లెక్కలు పంపిన తరువాత అంగీకరించాడు. 1893లో ఆగ్స్‌బర్గ్ యంత్రాగారము, ఎస్సెన్ నగరములోని క్రుప్ సంస్థ కలిసి ప్రయోగాల ఖర్చు భరించడానికి ఒప్పుకున్నాయి.

ఇక్కడ ఒక విషయము గమనించాలి. ఇంధనము మండుతున్నప్పుడు ఉష్ణోగ్రత పెరగకుండా ఉండాలని డీజిల్ మొదటి పేటెంటులో చెప్పాడు. అలా చేస్తే యంత్రము తన రాపిడిని తాను అధిగమించడానికి కూడా శక్తి చాలదని ఈయన తరువాత గ్రహించాడు. అందువల్ల 1893లోనే స్థిర పీడనములో దహనము జరిగే పద్ధతికి మరొక పేటెంటు కోరాడు. ఈ మార్పే తరువాతి కాలములో ప్రత్యర్థుల విమర్శకు ఆధారమయింది.

ఆగ్స్‌బర్గ్ ప్రయోగాలు

మొదటి ప్రయోగ ఇంజను 1893 వేసవిలో తయారైంది. దానికి ఒకే సిలిండరు. సిలిండరు వ్యాసము 150 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరము 400 మిల్లీమీటర్లు. అది తనంతట తాను నడవలేదు కాబట్టి కర్మాగారములోని ఇరుసు నుండి తోలు పట్టీ వేసి దానిని తిప్పేవారు. ఈనాటి లారీలో స్టార్టరు మోటారు చేసే పని అప్పుడు ఆ పట్టీ చేసింది.

మొదటి చిక్కు సంపీడనము దగ్గర వచ్చింది. ఎంత తిప్పినా సిలిండరులో పీడనము లెక్కలో ఉన్నంతవరకు చేరలేదు. పిస్టను చుట్టూ ఉన్న కట్ల నుండి, కవాటాల అంచుల నుండి గాలి జారిపోతున్నది. గాలి జారిపోతే పీడనము తగ్గుతుంది, పీడనము తగ్గితే వేడి చాలదు, వేడి చాలకపోతే ఇంధనము మండదు. కాబట్టి ముందుగా గాలి ఎక్కడ పోతున్నదో వెదకి, ఆ భాగాలను సరిచేయవలసి వచ్చింది.

1893 ఆగస్టు 10న మొదటిసారి ఇంధనము లోపలికి పంపారు. ఇంధనము అంటుకొంది. కాని దహనము అదుపు తప్పి పీడనము వాతావరణ పీడనానికి సుమారు 80 రెట్లకు ఎగబాకింది. పీడనాన్ని కొలిచే పరికరము పగిలి దాని ముక్కలు ఎగిరిపడ్డాయి. దగ్గర ఉన్నవారు ప్రాణాలతో బయటపడ్డారు. ఇంజను మాత్రము నడవలేదు. అయినా గాలి వేడితోనే ఇంధనము అంటుకుంటుందని ఆనాడు రుజువైంది. మూల సూత్రము సరైనదని తేలటముతో, లోపము భాగాలలో ఉన్నదని నిర్ణయించుకొని డీజిల్ ఆ ఇంజనును విప్పి మళ్ళీ నిర్మించాడు.

1894 ఫిబ్రవరి 17న మార్చిన ఇంజను తొలిసారిగా తన శక్తితో తాను తిరిగింది. అది సుమారు ఒక నిమిషము కాలములో 88 చుట్లు తిరిగింది. అప్పటిదాకా ఇంజనును లాగుతున్న పట్టీని ఇప్పుడు ఇంజనే లాగుతున్నదని ముందుగా ఒక మెకానిక్ గమనించి, మాట లేకుండా టోపీ తీసి నిలబడ్డాడని చెబుతారు.

రెండవ చిక్కు ఇంధనాన్ని లోపలికి పంపటము. సిలిండరులో అప్పటికే గాలి గట్టిగా అదిమి ఉంటుంది. దానిని ఎదిరించి కొద్దిపాటి నూనెను, సరైన క్షణములో, సన్నని తుంపరగా చల్లాలి. నూనె బొట్లుగా పడితే పూర్తిగా మండక పొగ, మసి మిగులుతాయి. ముందుగా పడితే దెబ్బలా మండుతుంది. ఆలస్యముగా పడితే శక్తి రాదు. పంపుతో నేరుగా నూనె కొట్టే ప్రయత్నము ఆనాటి పనితనానికి అందలేదు. అందువల్ల డీజిల్ మరొక మార్గము ఎంచుకున్నాడు. సిలిండరులోని పీడనము కంటే ఎక్కువ పీడనము గల గాలిని వేరే కంప్రెసరుతో తయారు చేసి, ఆ గాలి తోసుకుపోయేటట్లు నూనెను లోపలికి ఊదించాడు. ఈ పద్ధతిలో తుంపర చక్కగా వచ్చింది. కంప్రెసరు వల్ల యంత్రము బరువు, ఖర్చు పెరిగాయి.

ఇంజనును పలుమార్లు విప్పి, మార్చి, మళ్ళీ కట్టారు. చివరకు 250 మిల్లీమీటర్ల వ్యాసము గల సిలిండరుతో మూడవ ఇంజను తయారయింది. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ దానిని అధికారికముగా పరీక్షించాడు. నిమిషానికి 154 చుట్లతో అది సుమారు 18 అశ్వశక్తిని ఇచ్చింది. దాని దక్షత 26.2 శాతముగా తేలింది. అంటే కిరోసిన్ వేడిలో నాలుగో వంతుకు పైగా పనిగా మారింది. ఆ కాలములో మరే ఉష్ణయంత్రము దీనికి సాటిరాలేదు.

కీర్తి, చిక్కులు

ఈ పరీక్ష ఫలితముతో డీజిల్ పేరు ఐరోపా అంతటా వ్యాపించింది. అనేక దేశాల సంస్థలు తయారీ హక్కులు కొన్నాయి. అమెరికా హక్కులకు అడాల్ఫస్ బుష్ పది లక్షల మార్కులు చెల్లించాడు. 1898లో డీజిల్ తన పేటెంటు హక్కులను ఒక సంస్థకు 35 లక్షల మార్కులకు ఇచ్చాడు. 40 ఏళ్ళ వయసులో ఈయన ధనవంతుడయ్యాడు.

అయితే ఇంజను ప్రయోగశాలలో నడిచినంత తేలికగా బయట నడవలేదు. 1898లో కెంప్టెన్ పట్టణములోని అగ్గిపెట్టెల కర్మాగారములో 60 అశ్వశక్తి గల రెండు సిలిండర్ల ఇంజనును అమర్చారు. వినియోగదారుని వద్ద పనికి పెట్టిన మొదటి డీజిల్ ఇంజను ఇదే. అది తరచుగా మొరాయించేది. తుంపర వేసే నాజిల్, కంప్రెసరు, కవాటాలు వంతులవారీగా ఇబ్బంది పెట్టాయి. మరికొన్ని చోట్ల కూడా కొన్నవారు అసంతృప్తి చెందారు. ప్రత్యర్థి ఎమిల్ కాపిటైన్ పేటెంటు మీద వ్యాజ్యము వేశాడు. ఈ ఒత్తిడి తట్టుకోలేక డీజిల్ 1898లో మ్యూనిక్ దగ్గరి ఆరోగ్య నిలయములో చికిత్స పొందవలసి వచ్చింది. ఆగ్స్‌బర్గ్‌లో ఈయన పాలుపంచుకున్న ఇంజను కర్మాగారము కూడా విఫలమయింది.

ఆగ్స్‌బర్గ్ యంత్రాగారము ఇంజనీర్లు ఓర్పుతో ఒక్కొక్క లోపాన్నీ సవరించారు. 1900లో పారిస్ విశ్వ ప్రదర్శనలో డీజిల్ ఇంజనుకు అత్యున్నత బహుమతి లభించింది. 1903లో పడవలలోకీ, తరువాత ఓడలలోకీ ఈ ఇంజను ప్రవేశించింది. 1912లో డెన్మార్కులో నిర్మించిన సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజన్లతో మహాసముద్రాల మీద ప్రయాణించింది.

వేరుశనగ నూనె

పారిస్ ప్రదర్శనలో ఆట్టో సంస్థ తయారు చేసిన ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఆఫ్రికాలోని వలస ప్రాంతాలలో వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి అక్కడి అవసరాలు అక్కడి నూనెతోనే తీరుతాయేమో చూడాలని ఫ్రెంచి ప్రభుత్వము కోరింది. ఇంజనులో ఎటువంటి మార్పూ చేయకుండానే అది నడిచింది. మొక్కల నూనెలు అప్పటికి చిన్న విషయముగా కనిపించినా, కాలక్రమములో పెట్రోలియము, బొగ్గులతో సమానమైన ప్రాముఖ్యము పొందవచ్చునని డీజిల్ 1912లో అభిప్రాయపడ్డాడు. జీవ ఇంధనాల చర్చలో ఈ ప్రయోగాన్ని ఈనాటికీ ప్రస్తావిస్తారు.

లారీ ఇంజను

పెద్ద పరిశ్రమలకే కాక చిన్న చేతిపనివారికి కూడా అందుబాటులో ఉండే యంత్రము కావాలని డీజిల్ మొదటి నుండి ఆశించాడు. వాహనాలకు సరిపోయే చిన్న ఇంజను కోసము స్విట్జర్లాండులోని సాఫిర్ సంస్థతో కలిసి లారీ ఇంజను మీద పనిచేశాడు. కంప్రెసరును మోయవలసి రావటము ఈ ప్రయత్నానికి పెద్ద ఆటంకమయింది. ఇంజను బరువుగా, నెమ్మదిగా ఉండేది. డీజిల్ జీవించి ఉండగా డీజిల్ లారీ రోడ్డు మీద స్థిరపడలేదు.

ఆ చిక్కు ఇతరుల చేతుల మీదుగా విడింది. జర్మన్ ఇంజనీరు ప్రాస్పర్ లొరాంజ్ 1909లో పేటెంటు పొందిన ముందుగది పద్ధతిలో ఇంధనము మొదట ఒక చిన్న గదిలో కొంత మండి, అక్కడి నుండి సిలిండరులోకి దూసుకువస్తుంది. దీనికి కంప్రెసరు అవసరము లేదు. 1923లో బెంజ్ సంస్థ ఈ పద్ధతితో లారీని తయారు చేసింది. 1924లో ఆగ్స్‌బర్గ్ యంత్రాగారపు వారసత్వ సంస్థ మాన్ నేరుగా సిలిండరులోకే ఇంధనము చిమ్మే లారీని ప్రదర్శించింది. రాబర్ట్ బాష్ సంస్థ 1922లో ఇంధనపు పంపు మీద పని ప్రారంభించి 1927 నుండి పెద్ద సంఖ్యలో తయారు చేసింది. అరచేతిలో పట్టే చిన్న పంపు, నాజిల్ కలిసి ఆ కంప్రెసరు పనిని చేయసాగాయి. మనదేశములో టెల్కో సంస్థ 1954లో జంషెడ్‌పూర్‌లో డీజిల్ లారీల తయారీ ప్రారంభించింది.

ఇంజను మొదలుకాకపోతే పరిశీలించే క్రమము

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు లేదు. కాబట్టి అది మొదలు కావాలంటే మూడే అవసరాలు: తగినంత వేడి గాలి, తుంపరగా వచ్చే శుభ్రమైన ఇంధనము, సరైన సమయము. ఆగ్స్‌బర్గ్‌లో డీజిల్ ఎదుర్కొన్న చిక్కులు ఈ మూడింటికి చెందినవే. లారీ మొరాయించినప్పుడు కూడా ఇదే దారిలో పరిశీలించటము మంచిది. భాగాలు మార్చటము చివరి పని, కారణము తెలుసుకోవటము మొదటి పని.

ముందుగా ఇంజను తిరిగే వేగము చూడాలి. స్టార్టరు నెమ్మదిగా తిప్పితే అదిమిన గాలిలోని వేడి సిలిండరు గోడలకు పోతుంది, సందులనుండి గాలి జారిపోవడానికి వ్యవధి దొరుకుతుంది. అందువల్ల బలహీనమైన బ్యాటరీ, వదులైన తీగలు, తుప్పు పట్టిన కొసలు కూడా ఇంజను మండకపోవడానికి కారణమవుతాయి. మన పల్లెల్లో చేతి హ్యాండిలుతో తిప్పే ఆయిల్ ఇంజను వాడినవారికి ఇది తెలుసు. మీట ఎత్తి కవాటాన్ని తెరచి ఉంచి, సంపీడనము లేకుండా ఫ్లైవీలుకు బాగా వేగము అందించి, అప్పుడు మీట దించుతారు. ఆ వేగముతోనే గాలి గట్టిగా నొక్కుకుపోయి మంట అందుకుంటుంది.

రెండవది, ఇంజను తిరుగుతున్నప్పుడు పొగగొట్టము వైపు చూడాలి. పొగ అసలు రాకపోతే సిలిండరులోకి ఇంధనము చేరటము లేదని అనుమానించాలి. తెల్లని పొగ వస్తుంటే ఇంధనము చేరుతున్నది కాని మండటము లేదు. చలి, తక్కువ సంపీడనము, వేడి చేసే ప్లగ్గులు పనిచేయకపోవటము, ఇంధనము ఆలస్యముగా పడటము ఇందుకు కారణాలు కావచ్చును. నల్లని పొగ వస్తే ఇంధనానికి తగినంత గాలి అందటము లేదు. గాలి వడపోత మూసుకుపోయిందేమో చూడాలి.

మూడవది ఇంధనపు దారి. ట్యాంకులో నూనె ఉన్నదా, ఫిల్టరు మూసుకుపోయిందా, అడుగున నీరు చేరిందా అని వరుసగా పరిశీలించాలి. పాత పద్ధతి పంపులు గల లారీలో నూనె పూర్తిగా అయిపోయి మళ్ళీ నింపితే గొట్టాలలో గాలి మిగులుతుంది. పంపు ఎంత నొక్కినా ఆ గాలి స్ప్రింగులా నొక్కుకుపోతుందే తప్ప నాజిల్ తెరుచుకొనేంత పీడనము రాదు. అందుకే చేతి పంపు కొడుతూ మరను వదులు చేసి, బుడగలు పోయి నూనె ధార వచ్చేవరకు గాలి తీస్తారు. ఇంజనును ఆపే మీట లేదా విద్యుత్ కవాటము మూసిన స్థితిలోనే చిక్కుకుపోవటము కూడా సాధారణమైన కారణము.

నాలుగవది సంపీడనము, నాజిల్ పరీక్ష. ఇంధనము వస్తున్నా మండకపోతే కొలత పరికరముతో ఒక్కొక్క సిలిండరు పీడనాన్ని చూడాలి. అరిగిన పిస్టను కట్లు, సరిగా మూసుకోని కవాటాలు ఇక్కడ బయటపడతాయి. 1893లో డీజిల్ ముందు నిలిచిన మొదటి చిక్కు ఇదే. నాజిల్ తుంపరకు బదులు బొట్లు కార్చుతున్నదా, పంపు సమయము తప్పిందా అన్నవి తరువాత చూడవలసినవి.

1995 నుండి జపాన్ లారీలలోనూ, ఆ తరువాత ఇతర దేశాలలోనూ కామన్ రైల్ పద్ధతి వచ్చింది. ఇందులో ఇంధనము ఒక ఉమ్మడి గొట్టములో అధిక పీడనముతో నిలువ ఉంటుంది. ప్రతి నాజిల్‌ను ఎప్పుడు తెరవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. గొట్టములో కావలసినంత పీడనము చేరకపోయినా, ఇరుసు ఏ స్థితిలో ఉన్నదో తెలిపే సెన్సారు సంకేతము రాకపోయినా కంప్యూటరు ఇంధనాన్ని విడుదల చేయదు. కాబట్టి స్కానరుతో దోష సంకేతాలను, ఇంజను తిరుగుతున్నప్పుడు గొట్టములోని పీడనాన్ని చదవాలి. ఇటువంటి ఇంజనులో పాత పద్ధతిలో నాజిల్ గొట్టపు మరలను వదులు చేసి చూడటము చాలా ప్రమాదకరము. పీడనము వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఉండవచ్చును. సన్నని ధార చర్మాన్ని చీల్చి ఒంట్లోకి దిగుతుంది. అటువంటి గాయము పైకి చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

అదృశ్యము, మరణము

ఇంజను విజయవంతమవుతున్నకొద్దీ డీజిల్ ఆర్థిక స్థితి దిగజారింది. గలీషియా చమురు క్షేత్రాలలో, మ్యూనిక్ స్థలాల వ్యాపారములో పెట్టిన సొమ్ము పోయింది. మ్యూనిక్‌లో కట్టిన విశాలమైన భవనము, వ్యాజ్యాలు ఖర్చును పెంచాయి. పేటెంటుల కాలము తీరిపోయింది. ఈ ఇంజనులో డీజిల్ సొంత పాత్ర తక్కువేనని వాదిస్తూ 1913లో ఆచార్యుడు లూడర్స్ ఒక పుస్తకము ప్రచురించాడు. ఇంజను పుట్టుక చరిత్రను తన వైపు నుండి వివరిస్తూ డీజిల్ కూడా అదే సంవత్సరము ఒక గ్రంథాన్ని వెలువరించాడు.

1913 సెప్టెంబరు 29 సాయంత్రము బెల్జియములోని యాంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండులోని హార్విచ్‌కు బయలుదేరాడు. లండన్‌లో ఇంజన్ల తయారీ సంస్థ సమావేశానికి వెళ్ళవలసి ఉన్నది. మిత్రులతో భోజనము చేసి, ఉదయము 6.15కు లేపమని చెప్పి రాత్రి 10 గంటల ప్రాంతములో తన గదికి వెళ్ళాడు. ఉదయానికి గది ఖాళీగా ఉన్నది. పక్క మీద పడుకున్న జాడ లేదు. టోపీ, కోటు ఓడ వెనుక భాగములో కమ్మీల దగ్గర కనిపించాయి.

కొద్ది రోజుల తరువాత ఒక డచ్చి పడవ సిబ్బందికి సముద్రములో శవము కనిపించింది. వారు జేబులలోని వస్తువులు తీసుకొని శవాన్ని నీటికే వదిలివేశారు. అక్టోబరు 13న ఆ వస్తువులు తన తండ్రివేనని కుమారుడు ఓయిగెన్ గుర్తించాడు. అప్పటికి డీజిల్ వయసు 55 సంవత్సరాలు. ప్రయాణానికి ముందు భార్యకు ఇచ్చిన సంచిలో కొంత నగదు, అప్పుల వివరాలు తెలిపే పత్రాలు ఉన్నాయి. ఇందువల్ల ఇది ఆత్మహత్య అని చాలామంది చరిత్రకారులు భావిస్తారు. హత్య అని, ప్రమాదమని వాదనలు ఉన్నాయి. ఆయన మరణించలేదని, రహస్యముగా బ్రిటన్ పక్షము చేరాడని 2023లో వెలువడిన ఒక పుస్తకము ప్రతిపాదించింది. వీటిలో దేనికీ తిరుగులేని ఆధారము దొరకలేదు.

అంచనా

డీజిల్ మొదటి సిద్ధాంతములో చెప్పిన యంత్రమూ, చివరకు నడిచిన యంత్రమూ ఒకటి కావు. 250 రెట్ల పీడనము సాధ్యము కాలేదు, ఉష్ణోగ్రత పెరగని దహనము కుదరలేదు, బొగ్గుపొడి ఇంధనముగా నిలవలేదు. విమర్శకులు దీనినే ఎత్తిచూపారు. కాని ఇంజను నిరాకరించిన ప్రతిసారీ దాని కారణాన్ని వెదకి, తన లెక్కలో తప్పు ఉంటే లెక్కను, భాగములో తప్పు ఉంటే భాగాన్ని మార్చుకోవటము వల్లనే 1897 నాటి ఫలితము వచ్చింది. ఆగ్స్‌బర్గ్ ఇంజనీర్లు, కార్మికులు ఇందులో భాగస్వాములు. ఇంజను లోపాలను అంత ఓర్పుగా పరిశీలించిన మనిషి తన సొంత ఆర్థిక చిక్కులను ఎవరికీ చెప్పుకోలేకపోవటము ఈయన జీవితములోని విషాదము.

స్మారకాలు

1897 నాటి ఇంజనును మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియములో ప్రదర్శనకు ఉంచారు. ఆగ్స్‌బర్గ్‌లోని మాన్ సంస్థ ప్రదర్శనశాలలో కూడా తొలినాటి ఇంజన్లను చూడవచ్చును. కుమారుడు ఓయిగెన్ డీజిల్ రచయితగా పేరు పొంది తన తండ్రి జీవిత చరిత్రను వ్రాశాడు.